రెడ్ కార్గోలో రెండో సీటు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి నేను నా తోడల్లుడి ఓడను కొల్లగొట్టడానికి బయల్దేరాను.

ఓడ నిజంది కాదు, వీడియో గేమ్‌లోది. అంతరిక్షంలో ఒక గ్రహం దగ్గర సరుకు కొని ఇంకో గ్రహం దగ్గర అమ్ముకుంటూ, దారిలో అడ్డొచ్చినవాడితో పోట్లాడుకుంటూ తిరిగే ఆట. నా కడుపుమంట మాత్రం నిజంది. ఆ ఓడలో రెండో సీట్లో కూర్చున్నవాడు నా బామ్మర్ది. పదకొండేళ్ళుగా వాడి చోటు నా పక్కన.

ముందు మా పని సంగతి చెప్పాలి. నేనూ బామ్మర్దీ లిఫ్ట్ మెకానిక్‌లం. మా కంపెనీలో ఇద్దరిద్దరు జోడీగా పని చేస్తారు. పాత లిఫ్ట్ బాగుచెయ్యాలంటే ఒకడు లిఫ్ట్ డబ్బా నెత్తిన నిలబడతాడు, ఇంకొకడు మేడ మీద మెషిన్ రూమ్‌లో ఉంటాడు. ఒకరికొకరు కనపడరు. మధ్యలో వాకీటాకీ ఒక్కటే ఆధారం. కిందివాడు "రెండడుగులు దించు" అంటే, పైవాడు ఆ మాటే తిరిగి చెప్పి, అప్పుడు బటన్ నొక్కాలి. ఒక్క మాటకి మాత్రం ఈ పద్ధతి వర్తించదు. "ఆపు" అంటే ఆపడమే. తిరిగి చెప్పకూడదు, ఎందుకని అడక్కూడదు. బుర్రకి విషయం తెలిసేలోపు వేలు లేచిపోవాలి. మా జోడీలో కింద వాడు, పైన నేను. వాడి రెండు కాళ్ళూ ఇవాళ్టికీ వాడికి ఉన్నాయంటే అది నా వేలి చలవే.

పనిలో అలా ఉంటే, ఆదివారాలు మా ముందుగదిలో సోఫా మీద పక్కపక్కన కూర్చుని లారీలు నడిపే ఆట ఆడేవాళ్ళం. ఆ ఆట కంపెనీ ఉన్నట్టుండి తలుపులు మూసేస్తున్నామంది.

"కొత్తది నువ్వే ఎంచు బావా" అన్నాడు బామ్మర్ది. "ఈసారి అంతరిక్షంలోది చూడు. కొనడం, అమ్మడం, తన్నుకోవడం, మూడూ ఉండాలి. కథ అయిపోయింది ఇక ఇంటికెళ్ళమనే ఆట వద్దు."

నేను మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను. లంచ్ టైమ్‌లో ఫోన్‌లో వీడియోలు చూశాను. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఏడు ఆటల మంచీచెడూ రాసుకున్నాను. ఒకదాంట్లో వ్యాపారం బ్రహ్మాండం, యుద్ధం మాత్రం ఈగలు తోలుకున్నట్టుంది. ఒకదాంట్లో యుద్ధం అదిరిపోయింది, వ్యాపారం చూస్తే కొరియర్ బాయ్ ఉద్యోగం. ఇంకోదాంట్లో వెయ్యి గ్రహాలున్నాయి, వెయ్యీ ఒకే గోడకి అంటించిన కాగితంలా ఉన్నాయి. చివరికి ఫార్ డాక్ అనే ఆట దగ్గర ఆగాను. అందులో ఒక ఓడకి ఇద్దరు కావాలి. ఒకడు నడపాలి, ఒకడు తుపాకులు చూసుకోవాలి. స్టేషన్‌లో ఓడను ఆపాలంటే ఒకడు దూరం చెప్తూ ఉండాలి, ఇంకొకడు మెల్లగా దించాలి. మా కోసమే చేశారా అనిపించింది. నోట్‌బుక్‌లో దాని చుట్టూ మూడు గీతలు గీశాను.

"నన్ను కాదు, మీరు మా తమ్ముణ్ణి చేసుకోవాల్సింది" అంది మా ఆవిడ, నా భుజం మీంచి చూసి. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చునేవాళ్ళకి కాలి కింద వేరే బ్రేకు ఉంటుంది కదా, ఇంట్లో కూడా అది ఆవిడ దగ్గరే.

ఆదివారం భోజనాల తర్వాత చెబుదామని నోట్‌బుక్ జేబులో పెట్టుకుని కూర్చున్నాను. భోజనాలకి మరదలూ తోడల్లుడూ కూడా వచ్చారు. తోడల్లుడికి సీసీ కెమెరాలు బిగించే షాపుంది. మనసులో నేను వాణ్ణి కెమెరా అనే పిలుస్తాను. మూడేళ్ళ కిందట వాడు ఈ కుటుంబంలోకి వచ్చాడు. అప్పటిదాకా బామ్మర్దికి నేను బావని. కెమెరా పెళ్ళయిన రోజు సాయంత్రానికల్లా పెద్దబావనైపోయాను. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం బామ్మర్ది ఇంకా బావా అంటాడు. నేను దాన్ని లెక్కపెట్టుకుంటూ ఉంటానని వాడికి తెలీదు.

చేతులు కడుక్కోగానే కెమెరా సంచిలోంచి రెండు పెట్టెలు తీశాడు.

"బామ్మర్దీ, ఇదిగో. రెడ్ కార్గో! అంతరిక్షం కావాలన్నావుగా. నీకొకటి, నాకొకటి."

"చిన్నబావా!" అంటూ వాడు చిన్నపిల్లాడిలా లేచాడు.

"ఆఫర్‌లో రెండే దొరికాయి అన్నయ్యా" అన్నాడు కెమెరా నా వైపు తిరిగి, ఎంతో బాధపడుతున్నట్టు. "మీకు కొత్తవి పెద్దగా పడవు కదా అని..."

బామ్మర్ది చేతిలో పెట్టె అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "నువ్వేదో చూస్తున్నావు కదా పెద్దబావా? ఏది ఎంచావు?"

జేబులో నోట్‌బుక్ ఒత్తుకుంటోంది. నోరు తెరిచి ఒక్క పేరు చెప్తే సరిపోయేది. "ఇంకా చూళ్ళేదురా, టైమ్ ఎక్కడుందీ" అన్నాను.

మా ఆవిడ నన్నో చూపు చూసి గిన్నెలు తీసుకుని లోపలికెళ్ళింది.

మర్నాటి నుంచి నాకు నరకం మొదలైంది. వాకీటాకీలో పని మాటల మధ్య రెడ్ కార్గో వచ్చి పడేది.

"ఒకడుగు దించు."

"ఒకడుగు దించుతున్నా."

"చాలు. నిన్న చిన్నబావ ఏం చేశాడో తెలుసా? ముగ్గురు దొంగలు చుట్టుముడితే ఇంజిన్ ఆపేసి రాయిలా తేలాడు. వాళ్ళు చూసుకోకుండా పక్కనించే పోయారు! బుర్రంటే అదీ."

"ఓహో."

"ఓడకి పేరు కూడా పెట్టాం. 'చిన్నబావ'. నేనే పెట్టా."

మెషిన్ రూమ్‌లో గ్రీజు డబ్బాని తన్నాను. అది దొర్లుకుంటూ వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"ఏంటి బావా ఆ చప్పుడు?"

"ఎలక" అన్నాను.

ఆ సాయంత్రమే షాపుకెళ్ళి నేనూ రెడ్ కార్గో కొన్నాను. ఆటలో నా పేరు 'తుప్పు' అని పెట్టుకున్నాను. మైకు ఆపేశాను, ఎందుకంటే ఒక్కసారి దగ్గినా వాడు గుర్తుపడతాడు. చిన్న ఓడ తీసుకున్నాను. సరుకు పెట్టుకునే చోటు లేదు, వేగం మాత్రం పిచ్చి వేగం. ఆ ఆటలో దగ్గర్లో ఉన్న ఓడల రేడియో మాటలు ఎవరికైనా వినపడతాయి. వాళ్ళ మైకులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. రెండు వారాలు రాళ్ళ చాటున దాక్కుంటూ వాళ్ళ వెనకే తిరిగాను. మా ఆవిడ పక్కగదిలోంచి వచ్చి తెర మీద దూరంగా మిణుకుమంటున్న 'చిన్నబావ' అనే పేరు చదివింది.

"ఇదేనా మీరు ఆడుతున్న ఆట? మా తమ్ముడి వెనక తిరగడం?"

"వ్యాపారం చేస్తున్నా."

"ఏం అమ్ముతున్నారేం? సిగ్గా?"

నేను వినపడనట్టు సౌండ్ పెంచాను. పెంచినందుకు వినకూడని మాట వినపడింది.

"ఆ గుంతల్లో గ్రీజు పూసుకుంటూ ఎన్నాళ్ళు ఉంటావు బామ్మర్దీ?" అంటున్నాడు కెమెరా. "రెండో షాపు తెరుస్తున్నాను. చూసుకునేవాడు కావాలి. నువ్వొచ్చెయ్. సోమవారానికి ఏదో ఒక మాట చెప్పు."

నేను బామ్మర్ది "కుదరదు" అంటాడని ఎదురుచూశాను. వాడు అన్నది వేరు.

"పెద్దబావకి ఎలా చెప్పాలి?"

"నీకెందుకు, నేను చెప్తాగా."

కుదరదు అనలేదు. ఎలా చెప్పాలి అన్నాడు. పదకొండేళ్ళు నా మాట మీద ప్రాణం పెట్టి తాళ్ళ మధ్య వేలాడినవాడు, నన్ను వదిలేసే మాట ఎవడితో చెప్పించాలా అని ఆలోచిస్తున్నాడు.

తర్వాత వాళ్ళు సరుకు మాటల్లోకి దిగారు. ఇన్నాళ్ళు సంపాదించిందంతా పెట్టి ఒకే ఒక్క లోడు అరుదైన లోహం కొన్నారట. ఆదివారం మధ్యాహ్నం రాళ్ళ కనుమలోంచి తీసుకెళ్తారట. అది చేరితే పెద్ద ఓడ వస్తుంది. చేరకపోతే ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి.

నా పథకం అక్కడే పుట్టింది. లోడు పోతే వాడికి ఆట మీద విరక్తి పుడుతుంది. ఆట మీద పుట్టింది చిన్నబావ మీదికి పాకుతుంది. చిన్నబావ మీద నుంచి కెమెరాల షాపు మీదికి. సోమవారం పొద్దున వాడు బుద్ధిగా నా వాకీటాకీలోకి తిరిగొస్తాడు. కుళ్ళు పట్టిన బుర్రకి ఏ పథకమైనా ఇంత తేలిగ్గానే కుదిరిపోతుంది.

ఆదివారం మా ఆవిడకి డ్రైవింగ్ స్కూల్లో పరీక్షల డ్యూటీ. ఇంట్లో నేనొక్కణ్ణే. మూడున్నరకి బయల్దేరి కనుమ మధ్యలో, ఇల్లంత రాయి వెనక, ఇంజిన్ ఆపేసి రాయిలా తేలుతూ కాచుకున్నాను. అవును, కెమెరా చేసిన ఉపాయమే. బామ్మర్ది మెచ్చుకున్నాడు కదా మరి.

నాలుగింటికి వాళ్ళొచ్చారు. బరువుకి ఓడ ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఈ ఒక్క కనుమ దాటితే చాలు" అన్నాడు కెమెరా.

మొదటి దెబ్బ ఇంజిన్‌కి కొట్టాను. కుడి ఇంజిన్ ఆరిపోయి ఓడ బొంగరంలా తిరిగింది.

"ఎవడ్రా వీడు? ఎక్కడ్నుంచి ఊడిపడ్డాడు?" కెమెరా గొంతు సన్నబడిపోయింది. నాకు మహా హాయిగా ఉంది.

"తుప్పు అని ఉంది పేరు!" బామ్మర్ది అరిచాడు. "ఎడమకి తిప్పు చిన్నబావా, ఎడమకి!"

వాడు కాల్చాడు. నేను తప్పుకున్నాను. వాడి గురి నాకు తెలుసు. మొదట ఎప్పుడూ కుడివైపు కొడతాడు, తర్వాత కంగారుపడి రెండుసార్లు వరసగా కొడతాడు. లారీల ఆటలో కూడా హారన్ అలాగే మోగించేవాడు. మూడు దెబ్బలూ లెక్కపెట్టుకుని తప్పుకుని, ఓడ వెనక్కి చేరాను. రెండో ఇంజినూ పోయింది. వాళ్ళ రక్షణ కవచం తెర మీద ఎర్రగా ఒక గీతంత మిగిలింది. ఇంకొక్క దెబ్బ కొడితే ఓడ బద్దలై లోహమంతా బయటికొచ్చి నా ముందు తేలుతుంది. నా వేలు బటన్ మీదుంది.

"ఆపు!" అని అరిచాడు బామ్మర్ది. "ఆపు, ఆపు!"

నా వేలు లేచిపోయింది.

నేను లేపలేదు. నేనింకా కొట్టాలనే చూస్తున్నాను. ఆ గొంతు, ఆ మాట వినగానే చెయ్యి దానంతటది గాల్లోకి లేచింది. పదకొండేళ్ళ అలవాటు నన్ను అడగలేదు. 'తుప్పు' వాళ్ళ ఓడ వెనక వంద అడుగుల దూరంలో, తుపాకులు గురిపెట్టి, కదలకుండా ఆగిపోయింది.

ఒక సెకను. రెండు. మూడు.

"ఏంటీ, వీడు కొట్టడేం?" అన్నాడు కెమెరా. "నెట్ పోయిందా?"

బామ్మర్ది ఊపిరి తీసుకోవడం వినపడింది. తర్వాత మెల్లగా, దాదాపు గుసగుసలా అన్నాడు.

"బావా?"

"ఆఁ, ఇక్కడే ఉన్నా, చెప్పు" అన్నాడు కెమెరా.

బామ్మర్ది, "ఏం లేదు చిన్నబావా. నెట్ పోయినట్టుంది వాడికి. పద" అన్నాడు.

నేను టీవీ ప్లగ్ పీకేశాను.

మర్నాడు సోమవారం. ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగ్‌లో డ్యూటీ. వాకీటాకీలో పని మాటలు తప్ప ఒక్క మాట లేదు. "అడుగు దించు." "అడుగు దించుతున్నా." "చాలు." ప్రతి "చాలు" నా చెంప మీద పడుతున్నట్టుంది. లంచ్‌కి వాడు మేడెక్కి మెషిన్ రూమ్‌కి వచ్చాడు. టిఫిన్ డబ్బా తెరవలేదు.

"నువ్వేగా?"

"ఏంటి నేను?" అన్నాను.

"అబద్ధం ఆడకు బావా. ఆపమంటే ఆగే దొంగ ఈ లోకంలో ఎవడున్నాడు? నేను మాటవరసకి భయంతో అరిచానంతే. వాళ్ళెవరూ ఆగరు. మేం ఇప్పటికి ఇరవైమందిని చూశాం."

"రెండు వారాలుగా మీ మాటలు విన్నాను" అన్నాను. దాస్తే ఇంక లాభం లేదు. "షాపు సంగతి విన్నాను. నాకు ఎలా చెప్పాలా అని నువ్వు చిన్నబావని అడిగావు. నన్నడగలేదు."

"నిన్నడిగితే ఏమనేవాడివి?"

"పొమ్మనేవాణ్ణి."

"అనేవాడివి. తర్వాత ఏడాది పాటు మొహం గంటు పెట్టుకునేవాడివి. ఆట ఏదని ఆరోజు అడిగితే చూళ్ళేదన్నావు. నోట్‌బుక్ నీ జేబులోంచి సగం బయటికి కనపడుతూనే ఉంది!" వాడి గొంతు పెరిగింది. "చెప్తే ఏం పోయేది నీ సొమ్ము?"



"చిన్నబావకి నేను చెప్పలేదు, చెప్పను" అన్నాడు వాడు లేస్తూ. "నువ్వే చెప్పు. ఇవాళే. చెప్పకపోతే రేపట్నుంచి నేను కెమెరాలు బిగించుకుంటా."

"చెప్తే ఉంటావా?"

"ముందు చెప్పి రా."

సాయంత్రం ఐదున్నరకి కెమెరా షాపులో అడుగుపెట్టాను. గోడ నిండా పదహారు తెరలు. పదహారింట్లోనూ నేనే ఉన్నాను, పక్కనుంచీ, పైనుంచీ, వెనకనుంచీ. ఎటు చూసినా వెధవలాగే కనపడ్డాను.

"రండన్నయ్యా! ఏంటి, ఇలా వచ్చారు?" కుర్చీ జరిపాడు. "నిన్న చూడాల్సింది మీరు. తుప్పు అని ఒక దరిద్రుడు మమ్మల్ని..."

"ఆ దరిద్రుణ్ణి నేనే తమ్ముడూ."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వాడి నవ్వు పదహారు తెరల్లోనూ ఒకేసారి ఆరిపోయింది. మొత్తం చెప్పాను, రాళ్ళ చాటు నుంచి దొంగచెవుల దాకా. తిడతాడని కాసుక్కూర్చున్నాను. వాడు లేచి షాపు షట్టర్ సగం దించి వచ్చి కూర్చున్నాడు.

"మీరు ఎంచింది ఫార్ డాక్ కదా?" అన్నాడు.

నేను అదిరిపడ్డాను. "నీకెలా తెలుసు?"

"అంతకు ముందువారం మీ ఇంటికొచ్చినప్పుడు నోట్‌బుక్ సోఫా మీద ఉంది. మూడు గీతలు గీశారు." వాడు నా వైపు చూడ్డం లేదు, తెరల్లో ఉన్న నా వీపుతో మాట్లాడుతున్నాడు. "నేనూ చూశానన్నయ్యా. ఫార్ డాకే మంచిది. కాని దాంట్లో మీరుంటారు. అందుకే రెడ్ కార్గో కొన్నాను. రెండే కొన్నాను. ఆఫరూ లేదు, పాడూ లేదు."

"ఎందుకు?"

"ఎందుకంటారేంటి? మూడేళ్ళయింది ఈ ఇంటి అల్లుణ్ణయ్యి. వచ్చిన ప్రతిసారీ సోఫాలో మీరిద్దరే. ఒక మాట మీరు మొదలుపెడితే వాడు పూర్తి చేస్తాడు, ఇద్దరూ విరగబడి నవ్వుతారు. అందులో నవ్వేదేముందో నాకు అర్థం కాదు. మీ నవ్వు అయ్యేదాకా పక్క కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతాను. మీ ఇంట్లో నేను ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగానో మీకు తెలీదు."

వాడి మీద జాలి పడాల్సిన చోటు అది. నిజం చెప్తున్నాను, నాకు జాలి రాలేదు. వీడికి నా మీద కుళ్ళు! నెల రోజుల్లో నేను విన్న మొదటి మంచి వార్త అదే. పొంగిపోతున్న మొహాన్ని దాచుకోవడానికి కిందికి చూశాను. అక్కడా ఒక తెర ఉంది.

"నవ్వుతున్నారు" అన్నాడు కెమెరా.

"నవ్వడంలేదు."

"పదహారు కెమెరాలున్నాయన్నయ్యా."

అప్పుడు వాడూ నవ్వాడు. షట్టర్ పూర్తిగా దించి ఇద్దరం కలిసి బామ్మర్ది గదికి వెళ్ళాం. వాడు చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు. ముందు నేను చెప్పాను, తర్వాత కెమెరా చెప్పాడు. నోట్‌బుక్ మాట వచ్చేసరికి వాడు కళ్ళు మూసుకున్నాడు.

"అంటే మీ ఇద్దరికీ నేనో లోడు సరుకుని. ఒకరు ఎత్తుకుపోవడం, ఇంకొకరు కొల్లగొట్టడం."

వాడు కట్టుకున్న చేతులు విప్పాడు.

"చిన్నబావా, నీ షాపుకి రాను. నాకు గ్రీజే బాగుంటుంది. పెద్దబావా, రేపు ఎనిమిదింటికి డ్యూటీ, లేటు చెయ్యకు."

నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు ఇంకా అయిపోలేదన్నట్టు వేలు పైకెత్తాడు.

"ఆట మాత్రం మీ ఇద్దరిలో ఎవరితోనూ ఆడను. నేను వేరేది కొనుక్కున్నా. ఒక్కడే ఆడేది. దాంట్లో రెండో సీటే లేదు."

అన్నంత పనీ చేశాడు. పై ఆదివారం భోజనాలయ్యాక, మా ముందుగదిలో, సోఫా మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుని వాడొక్కడే ఓ నీలం ఓడ నడుపుతున్నాడు. నేనొక కుర్చీలో, కెమెరా ఒక కుర్చీలో. ఓడలో ఒక కంప్యూటర్ ఆడగొంతు దారి చెప్తోంది. "మూడు వందల అడుగులు. మెల్లగా, కెప్టెన్."

"అదెవతి, మధ్యలో?" అన్నాను ఉండబట్టలేక.

"అది తప్పు చెప్తోంది, రెండు వందలే" అన్నాడు కెమెరా.

"ఇద్దరూ నోరు మూసుకుంటారా, బయట కూర్చుంటారా?" అన్నాడు బామ్మర్ది తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

మా ఆవిడ లోపల్నుంచి పకపకా నవ్వింది.

నేను లేచి కెమెరాకి ఓ గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. వాడు తాగలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు, మరీ తగ్గించలేదు కూడా.

"అన్నయ్యా, మా ఓడ ఇంకా కనుమలోనే ఉంది. ఇంజిన్లు పోయాయి, మీ పుణ్యమే. లోడు మాత్రం భద్రం. రెండో సీటు ఖాళీగా ఉంది. తుపాకి కొట్టేవాడు కావాలి."

"గురి ఎలా ఉండాలి?" అన్నాను, నేనూ పెద్దగా తగ్గించకుండానే.

"మొన్న నన్ను కొట్టినట్టుంటే చాలు. అలా కొట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

"సరే. సాయంత్రం బయల్దేరదామా?"

"ఓడ పేరు మారుద్దామా?"

"ఏం పెడదాం?"

సోఫా వైపు చూశాను. బామ్మర్ది తల తిప్పలేదు. మా మాటలు చెవిన పడనట్టే కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. కంప్యూటర్ గొంతు "కెప్టెన్! కెప్టెన్!" అని రెండుసార్లు కేక పెట్టింది. నీలం ఓడ నేరుగా వెళ్ళి స్టేషన్ గోడకి గుద్దుకుంది.